దారం, డయల్ గేజీ, బుల్లెట్టు

1988 వానాకాలం. పటాన్‌చెరులో నేను సొంతంగా లేత్ పెట్టుకొని అప్పటికి రెండేళ్లు. ఒక పొద్దున, రామచంద్రాపురం భెల్‌లో రాత్రి డ్యూటీ దిగిన ఒకాయన సంగారెడ్డికి పోతూ షాపు ముందు బుల్లెట్ ఆపాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తడిసి ముద్దయింది. "తమ్మీ, బండి గుంజుతలేదు. బోరు చేసి పెద్ద పిస్టన్ వెయ్యి. బొంబాయి రోడ్డు మీద లారీని దాటాలంటే పానం పోతున్నది" అన్నాడు.

బండిని స్టాండ్ మీద నిలబెట్టి వెనక చక్రం రెండు చేతులా పట్టుకొని ఊపాను. సూత్ పైనే కదిలింది. ముందు బ్రేకు పట్టి తోస్తే చక్రం ఒకచోట బిగుసుకుంటోంది, ఒకచోట వదిలేస్తోంది. "అన్నా, ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది తిన్నగా నడవాలి, ఆపితే ఆగాలి" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. అయినా బండి వదిలి బస్సెక్కాడు.

ఆ బండి సంగతి చెప్పాలంటే దాని పుట్టిల్లు గురించి చెప్పాలి. బుల్లెట్ అనే పేరు 1932 నాటిది. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ పెట్టిన పేరు. మనకు తెలిసిన బుల్లెట్ 1949లో మార్కెట్లోకి వచ్చింది. ఆ రోజుల్లో చాలా మోటార్‌సైకిళ్లకు వెనక చక్రం చట్రానికే బిగించి ఉండేది. గుంటలో పడితే దెబ్బంతా నడుముకే. బుల్లెట్‌కు మాత్రం వెనక స్వింగ్ ఆర్మ్, రెండు షాకబ్జార్లు పెట్టారు. 1948లో ఇటలీలోని శాన్ రేమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో దీని తొలి నమూనాలు నడిపిన ఇద్దరు బంగారు పతకాలు తెచ్చుకున్నారు. ఆ పోటీలో నెగ్గాలంటే కొండదారుల్లో, బురదలో చక్రం నేలను వదలకుండా ఉండాలి. ఈ బండి మొదట పేరు తెచ్చుకున్నది నడకతో.

అదే ఏడాది, 1949లో, మద్రాస్ మోటార్స్ వాళ్లు ఈ బండ్లను మన దేశానికి తెప్పించడం మొదలుపెట్టారు. 1952లో భారత సైన్యం 500 బుల్లెట్లు కావాలంది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో కార్ఖానా వెలిసింది. 1967లో రెడిచ్ కార్ఖానా మూతపడింది. మరికొన్నేళ్లకు ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారీయే ఆగిపోయింది. మద్రాసులో మాత్రం అదే పోత ఇనుము సిలిండరు, అదే నాలుగు గేర్ల డబ్బా, అదే కుడికాలి గేరు. 1977 నుంచి ఆ బండినే తిరిగి బ్రిటన్‌కు ఎగుమతి చేశారు. అమ్మగారింటి దీపం ఆరిపోయినా అత్తగారింట్లో వెలిగిన దీపం అది.

70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, 18 హార్స్‌పవర్. స్ట్రోకు పొడుగు కాబట్టి నిదానంగా తిరుగుతుంది, కింది వేగంలోనే బరువు లాగుతుంది. దాన్ని ఉరికించాలంటే దాని స్వభావానికి ఎదురెళ్లాలి.

ఇంగ్లండు కుర్రాళ్లు అలా ఎదురెళ్లే బండ్లు 1950లు, 60ల్లో ఎన్నో కట్టారు. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన ఏస్ కేఫ్ దగ్గర చేరి, హ్యాండిల్ కిందికి దించి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపి పందేలు వేసేవాళ్లు. వాళ్ల బండ్లలో నాకు నచ్చింది ట్రైటన్. ట్రయంఫ్ ఇంజన్‌ను నార్టన్ చట్రంలో కూర్చోబెడితే ట్రైటన్. బెల్‌ఫాస్ట్‌కు చెందిన మెకాండ్లెస్ అన్నదమ్ములు రూపొందించిన ఆ చట్రం 1950లో ఐల్ ఆఫ్ మ్యాన్ రేసుల్లో తన సత్తా చూపింది. ఆ కుర్రాళ్లకు ట్రయంఫ్ ఇంజన్ బలం తెలుసు. ఆ బలాన్ని మలుపులో మోయగల చట్రం వేరే కంపెనీ దగ్గరుందని కూడా తెలుసు.

మా దగ్గర నార్టన్ చట్రాలు లేవు. మా దగ్గరున్నవి లేత్‌లు, వాటిమీద ఆరితేరిన చేతులు. ఆ చేతులు ఎక్కడివో చెప్పాలి. యుద్ధకాలంలో, 1943లో, సికింద్రాబాద్ కవాడిగూడలో ప్రాగా టూల్స్ పుట్టింది. 1960ల్లో చెకొస్లోవేకియా సాయంతో రామచంద్రాపురంలో భెల్ కార్ఖానా లేచింది. 1968లో బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచారు. ఆ దశాబ్దంలో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు పొలాల్లో షెడ్ల మీద షెడ్లు లేచాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. పెద్ద కార్ఖానాలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న షెడ్లలో మాలాంటి ఐటీఐ పిల్లలు టర్నర్లయ్యారు.

నేను చేరింది అలాంటి షెడ్డులోనే. మా ఉస్తాద్ మొదటి ఆరు నెలలు నా చేతికి టూలు ఇవ్వలేదు, మైక్రోమీటరే ఇచ్చాడు. వడ్రంగి సూత్‌లలో మాట్లాడతాడు, సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. టర్నర్ థౌలలో మాట్లాడాలి, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటరులో నలభయ్యో వంతు. టర్బైన్ పనికి పోయే ముక్క రెండు థౌలు తప్పితే అది తుక్కే. నెత్తిమీద వెంట్రుక కొలిపించి, "నీ తప్పు దీనికన్నా సన్నగా ఉండాలె" అనేవాడు. టర్బైన్ల కోసం నేర్చిన ఆ చేతితోనే, షిఫ్టు దిగాక, ఈ చుట్టుపక్కల ఎందరో బుల్లెట్లు బాగుచేశారు. బ్రిటిష్ బండిని మా వైపు మార్చిన చరిత్ర నిజానికి ఈ చేతుల చరిత్ర.

అప్పట్లో మా దగ్గరికొచ్చే వాళ్లలో రేసు కోరేవాళ్లు అరుదు. పాల క్యాన్లు కట్టేవాళ్లు, ముగ్గురు పిల్లలతో జోగిపేటకు పోయేవాళ్లు, రోజూ జహీరాబాద్ దాకా తిరిగేవాళ్లు. బండి మెరుగవడమంటే వాళ్లకు బరువు లాగడం, మైలేజీ ఇవ్వడం. కంపెనీయే 325 సీసీ, ఆరున్నర హార్స్‌పవర్ డీజిల్ బుల్లెట్ అమ్మిందంటే ఆ కోరిక ఎంత బలమైందో చూడండి. హైవే మీదే తిరిగేవాళ్లు గేర్‌బాక్స్ ముందు పళ్ల చక్రం 16 పళ్లది తీయించి 17 పళ్లది వేయించుకునేవాళ్లు. ఒక్క పన్ను పెరిగితే అదే వేగానికి ఇంజన్ ఆరు శాతం తక్కువ తిరుగుతుంది. అయితే ఎత్తు ఎక్కేటప్పుడు ఆ పన్ను తన బాకీ వసూలు చేసుకుంటుంది.

పెద్ద పిస్టన్ ఆశ మాత్రం అందరిదీ. లెక్క వేసి చూద్దాం. 40 థౌల ఓవర్‌సైజు పిస్టన్ అంటే బోరు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. 346 సీసీ కాస్తా 356 అవుతుంది. పెరిగింది పది సీసీలే, చెంచాడు గాలి. బోరు చేయించాక బండి కొత్తగా లాగిందంటే ఆ పుణ్యం పెరిగిన సైజుది కాదు. అరిగి కోడిగుడ్డు ఆకారానికి తిరిగిన సిలిండరు మళ్లీ గుండ్రమైంది, రింగులు చుట్టూ ఆనాయి, కుదింపు నిలిచింది. అంతే.

ఈ మాట నాకు పుస్తకం చెప్పలేదు. షాపు పెట్టిన మొదటి ఏడాది ఒక కుర్రాడి బండికి బోరు చేసి, గట్టిగా ఉంటే ఎక్కువ కాలం మన్నుతుందని పిస్టన్‌కు సందు తక్కువ వదిలాను. ఇనుము కన్నా అల్యూమినియం వేడికి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుందని చదువుకున్నవాణ్నే. కంది దాటగానే పిస్టన్ పట్టేసి వెనక చక్రం ఆగిపోయింది. కుర్రాడు రోడ్డు దిగి పొలంలో పడ్డాడు. నేల మెత్తగా ఉండి మోచేతులు గీసుకుపోవడంతో బయటపడ్డాడు. తప్పు నాదే. సిలిండరు నా డబ్బుతో కొనిచ్చాను. ఆ గీతలు పడ్డ పిస్టన్ ఇప్పటికీ నా గేజీల పెట్టెలో ఉంది. కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడి చేతిలో మొదట దాన్నే పెడతాను.

ఇక భెల్ అన్న బండి. స్వింగ్ ఆర్మ్ విప్పితే బుష్‌లు అరిగి వెడల్పయ్యాయి. గన్‌మెటల్ కడ్డీ చక్‌లో పట్టి కొత్త బుష్‌లు తీశాను, ఇరుసును డయల్ గేజీ కింద తిప్పి వంకర లేదని చూసుకున్నాను. హ్యాండిల్ కింద బాల్ రేసులు గుంటలు పడితే మార్చాను. ముందు ఫోర్కు ఆయిల్ నల్లటి నీళ్లయింది. చక్రాన్ని చక్రంగానే లేత్ మీద ఎక్కించి బ్రేకు డ్రమ్ము లోపల సన్నటి కోత తీసి గుండ్రం చేశాను, లైనర్లు దానికి ఆనేలా రుద్దాను. ట్యాపెట్లు చల్లటి ఇంజన్ మీద సరిచేశాను. పుష్‌రాడ్డు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి, పిస్టన్ శిఖరానికి 0.8 మిల్లీమీటర్ల ముందు కాగితం జారేలా టైమింగ్ కట్టాను.

నాలుగో రోజు ఆయన వచ్చాడు. చివరి పని మిగిలింది. దానికి ఇద్దరు మనుషులు కావాలి. వెనక టైరు చుట్టూ దారం తిప్పి రెండు కొసలూ ముందుకు లాగాను, ఒక కొస ఆయన చేతికిచ్చాను. ముందు వెనక టైర్లు రెండూ 3.25–19 కొలతవే కాబట్టి దారం రెండు టైర్లనూ ముందంచున, వెనకంచున సమంగా తాకాలి. తాకేదాకా గొలుసు అడ్జస్టర్లు కొద్దికొద్దిగా సర్దాను. ఇంజన్‌లో పిస్టన్ పాతదే. వారం తర్వాత వర్షంలోనే వచ్చి, "ఇప్పుడు గుంజుతున్నది" అన్నాడు. బలం పెరగలేదు. బండి మీద ఆయనకు నమ్మకం కుదిరింది, అందుకే యాక్సిలరేటర్ తిప్పగలుగుతున్నాడు.

తర్వాత కాలం మారింది. ఎలక్ట్రా మోడల్‌కు డిస్క్ బ్రేకు వచ్చింది, గేరు ఎడమకాలికి మారింది, ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే డబ్బాలోకి చేరాయి. 2013లో కంపెనీయే కాంటినెంటల్ జీటీ 535 తెచ్చినప్పుడు దాని చట్రం పని బ్రిటన్‌లోని హ్యారిస్ పెర్ఫార్మెన్స్‌కు అప్పగించింది, రెండేళ్లకు ఆ సంస్థనే కొనేసింది. ముందు చట్రం అన్న పాత సూత్రం అలా మళ్లీ మద్రాసుకు చేరింది.

ఇప్పుడు కొందరు పిల్లలు సైలెన్సర్ లోపలి జాలీ తీసేసి వస్తారు. చప్పుడు బలం కాదు నాయనా అని కూర్చోబెట్టి చెబుతాను. దారి తెరిచి కార్బురేటర్ జెట్ మార్చకపోతే మిశ్రమం పలచబడి, వేడెక్కి, వాల్వ్ కాలుతుంది. ఊళ్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. నేను చేసే పనిలో ఎక్కువ భాగం ఆ గీత లోపలిదే. రెడిచ్‌లో గీసిన కొలతకు బండిని తిరిగి చేర్చడమే నా పని.

మొన్న సంగారెడ్డి నుంచి ఒకతను పాత బుల్లెట్ తోసుకొచ్చాడు. నంబరు చూడగానే గుర్తుపట్టాను. తండ్రి పోయి రెండేళ్లయిందట. "అంకుల్, 535 కిట్టు దొరుకుతదట, వేద్దామా?" అని అడిగాడు. వెనక చక్రం పట్టి ఊపాను. గేజీల పెట్టెలోంచి దారపు ఉండ తీసి, ఒక కొస అతని చేతికిచ్చాను.