తెల్ల ఆకాశానికి మబ్బులు దిద్దిన కెప్టెన్: బెంగళూరులో అచ్చయిన ఆరు వేల ఫోటోల కథ



మన సంఘం గ్రూపులో ఈమధ్య సీనరీ ఫోటోలు బాగా వస్తున్నాయి. నంది కొండ మీద పొగమంచు, లాల్‌బాగ్ బండ మీద సూర్యోదయం, సావనదుర్గం, హోసూరు దారిలో చెరువులు. చూస్తుంటే ముచ్చటగా ఉంది. వాటి కింద వచ్చే ప్రశ్నల్లో రెండు మాత్రం మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నాయి. మొదటిది: కంటికి నీలంగా, మబ్బులతో కనబడ్డ ఆకాశం ఫోటోలో తెల్ల కాగితంలా ఎందుకు వస్తుంది? రెండోది: యాప్‌లో వేరే ఆకాశం తెచ్చి అతికిస్తే తప్పేమిటి?

ఈ రెండు ప్రశ్నలూ ఫోన్లతో పుట్టినవి కావు. సుమారు 170 ఏళ్ళ కిందట మన బెంగళూరులోనే ఒక మనిషి వీటితో కుస్తీ పట్టాడు. అందుకే ఈసారి చిట్కాలతో సరిపెట్టకుండా చరిత్రలోంచి మొదలుపెడదామనుకున్నాం. కాస్త పొడుగు వ్యాసమే, తీరిగ్గా చదవండి.

ఆయన పేరు లినేయస్ ట్రైప్. 1822లో ఇంగ్లండులోని డెవన్‌లో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో చేరాడు. మధ్యలో సెలవు మీద స్వదేశం వెళ్ళినప్పుడు ఫోటోగ్రఫీ నేర్చుకుని, 1854లో బెంగళూరుకు తిరిగొచ్చాడు. ఆ ఏడాది డిసెంబరులో కెమెరా పట్టుకుని బేలూరు, హళేబీడు వెళ్ళాడు. ఆ గుళ్ళ ఫోటోలను 1855లో మద్రాసులో జరిగిన ప్రదర్శనలో పెడితే మంచి పేరొచ్చింది. అదే ఏడాది గవర్నర్ జనరల్ డల్హౌసీ బర్మా రాజు మిండాన్ దగ్గరికి ఒక రాయబార బృందాన్ని పంపాడు. ఆ బృందంతో ట్రైప్ ఫోటోగ్రాఫరుగా వెళ్ళి, రెండు వందలకు పైగా నెగెటివ్‌లతో తిరిగొచ్చాడు.

మన ఊరి పాత్ర ఇక్కడ మొదలవుతుంది. ఆ నెగెటివ్‌లలోంచి 120 ఎంచి, ఒక్కోదానికి 50 ప్రింట్లు వేయించాడు. అంటే ఆరు వేల ప్రింట్లు. ఆ పనంతా బెంగళూరులోనే జరిగింది. అప్పట్లో ప్రింటు వెయ్యడమంటే నెగెటివ్‌ను రసాయనం పూసిన కాగితం మీద పెట్టి, చట్రంలో బిగించి, ఎండలో ఉంచడమే. ఎండ బట్టి, మబ్బు బట్టి ఒక్కోటి ఒక్కో సమయం తీసుకుంటుంది. అలా ఆరు వేలు! మన పేటలో వెయ్యి మీటర్ల బట్టకు ఒకే రంగు ఛాయ రావాలంటే అద్దకం వాళ్ళు ఎంత కష్టపడతారో తెలిసినవాళ్ళకు ఈ పని బరువు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆకాశం సంగతి. ఆనాటి నెగెటివ్ మీది రసాయనాలు నీలం కాంతికి చప్పున స్పందించేవి. ఆకుపచ్చకు అంతంతమాత్రం, ఎరుపుకు దాదాపు లేదు. అందువల్ల కింద గుడి గోపురం, చెట్లు నెగెటివ్‌లో సరిగ్గా పడేదాకా నిమిషాల తరబడి ఆగితే, పైన ఆకాశం ఎప్పుడో మితిమీరి పడిపోయేది. మబ్బులన్నీ ఆ తెలుపులో కలిసిపోయేవి. కొన్నిసార్లు ఆకాశమంతా మచ్చలు మచ్చలుగా వచ్చేది. ఆకులేమో దీనికి విరుద్ధం, నల్లటి ముద్దలుగా కనిపించేవి.

ట్రైప్ ఏం చేశాడంటే, సన్నటి కుంచెతో నెగెటివ్ మీదే రంగు దిద్దాడు. నెగెటివ్‌లో రంగు పూసిన చోట కాంతి కిందికి దిగదు, ప్రింటులో ఆ చోటు తెల్లగా వస్తుంది. ఆ కిటుకుతో ఖాళీ ఆకాశంలో మబ్బులు తేల్చాడు. నల్లబడ్డ చెట్లలో ఆకులకు చిన్న చిన్న చుక్కలతో వెలుతురు తెచ్చాడు. కట్టడాల అంచులు మసకబారిన చోట వాటిని విడదీసి చూపాడు. ఆ ప్రింట్లు ఇవాళ లండన్, వాషింగ్టన్ మ్యూజియంలలో ఉన్నాయి. 2014, 2015లలో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్ నగరాల్లో ఆయన ఫోటోలతో పెద్ద ప్రదర్శన జరిగింది. అప్పుడు కూడా పరిశోధకులు ప్రత్యేకంగా చెప్పుకున్నవాటిలో ఈ కుంచె పని ఒకటి.

అంటే ఎడిటింగ్ అనేది ఫోటోగ్రఫీకి తర్వాత పట్టిన తెగులు కాదు, దాదాపు దానితోపాటే పుట్టింది. ట్రైప్ ఒక్కడే కాదు. ఆ కాలంలోనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకొకటి వాడి, రెండిటినీ ఒకే ప్రింటులో కలిపాడు. ఇవాళ మన ఫోన్లు హెచ్‌డీఆర్ పేరుతో తమంతట తామే చేస్తున్న పనికి అది తాతలాంటిది.

మరి ట్రైప్ ఎక్కడ చెయ్యి పెట్టలేదో కూడా చూడాలి. 1856లో ఆయన్ను మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా వేశారు. పాత కట్టడాలు శిథిలమై కనుమరుగయ్యేలోపు వాటి రూపాన్ని చరిత్రకారులకూ శిల్పులకూ దక్కించడం ఆ ఉద్యోగం ఉద్దేశం. 1857 డిసెంబరులో బెంగళూరు నుంచి ఎద్దుబండ్ల మీద సామాను వేసుకుని బయలుదేరాడు. శ్రీరంగం, తిరుచిరాపల్లి, మదురై, పుదుక్కోట, తంజావూరు తిరిగి, 1858 ఏప్రిల్ చివరికి మద్రాసు చేరాడు. మనలో చాలామందికి బంధువులున్న రాయకోట వైపు తీసిన ఫోటోలతో 1858లో ఒక ప్రత్యేక ఆల్బమే వచ్చింది. ఆ కొండకోటను హోసూరు మీదుగా వెళ్ళేటప్పుడు మనం ఇప్పటికీ చూస్తూనే ఉంటాం.

తంజావూరు పెద్ద గుడి దగ్గర ఆయన చేసిన పని వింటే ఆశ్చర్యం వేస్తుంది. గుడి పీఠం చుట్టూ ఉన్న శాసనాలు ఒక ఫ్రేములో పట్టవు. అందుకని వరసగా ఫోటోలు తీసి, 21 ప్రింట్లు అంచుకు అంచు కలిపి, సుమారు 19 అడుగుల పొడవున అతికించాడు. ఇవాళ మనం ఫోన్ పక్కకు తిప్పి తీసే పనోరమా ఇదే. ఆకాశంలో మబ్బులు దిద్దిన చెయ్యి ఆ రాతి మీద ఒక్క అక్షరం కూడా చేర్చలేదు. చేర్చి ఉంటే ఆ 19 అడుగుల కాగితానికి విలువే ఉండేది కాదు.

తెలుగువాళ్ళం కాబట్టి ఇంకొక మాట. 1858లో మద్రాసు మ్యూజియంలో ఆయన అమరావతి శిల్పాలను ఫోటోలు తీశాడు. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు చేర్చిన పలకలవి. 1859లో వాటిని ఓడెక్కించి లండన్‌కు పంపేశారు. నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి అవే. మన నేల విడిచి వెళ్ళే ముందు అవి ఎలా ఉండేవో చెప్పడానికి ఆ ఫోటోలు సాక్ష్యం.

ఆ ఉద్యోగం ఎన్నాళ్ళో సాగలేదు. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెలియన్, ఖజానా పరిస్థితికి ఇదంతా విలాసమని భావించి ఫోటోగ్రఫీ విభాగం మూయించేశాడు. ట్రైప్ సైనిక ఉద్యోగానికి మళ్ళాడు. 1902 మార్చిలో ఇంగ్లండులో కన్నుమూశాడు.

అదే 1902లో, ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందు అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ పుట్టాడు. సీనరీ ఫోటోలంటే ప్రపంచం ఇప్పటికీ ముందు తలిచే పేరు. ఆయన 1941లో న్యూ మెక్సికో రాష్ట్రంలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం తీశాడు. ఆ నెగెటివ్ నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూనే ఉన్నాడు. వేసిన కొద్దీ ఆకాశాన్ని నల్లగా, ఇంకా నల్లగా మార్చాడు. తొలి ప్రింట్లలో కనిపించే పలచటి మబ్బులు తర్వాతి వాటిలో దాదాపు మాయమయ్యాయి. అయితే చంద్రుణ్ణి మాత్రం ఉన్నచోటు నుంచి కదపలేదు, పెద్దది చెయ్యలేదు. ఆ ఫోటో ఏ రోజున తీశాడో ఆడమ్స్‌కే సరిగ్గా గుర్తులేదు. చివరికి ఖగోళం తెలిసినవాళ్ళు చంద్రుడి స్థానాన్ని లెక్కగట్టి 1941 నవంబరు 1 సాయంత్రం అని తేల్చారు. అంత దిద్దిన ఫోటో కూడా తన తేదీ తానే చెప్పగలిగింది!

ఇక్కడ మనకు ఒక గీత దొరుకుతుంది. వెలుతురును దిద్దవచ్చు, నేలను దిద్దకూడదు. నీడలో ఉన్నది పైకి తేవచ్చు, మండిపోతున్నది తగ్గించవచ్చు. లేని కొండను తేవడం, ఉన్న కరెంటు స్తంభాన్ని చెరిపెయ్యడం, చంద్రుణ్ణి పళ్ళెమంత చెయ్యడం వేరే పని. ట్రైప్ మబ్బులు కూడా ఈ గీత అంచునే ఉన్నాయి. ఆ ఫోటోలు చూసి ఆ రోజు వాతావరణం ఎలా ఉందో చెప్పలేం. ఆయన దగ్గర వేరే దారి లేదు, కుంచె పట్టాడు. మనకు దారులున్నాయి.

ఆ దారులేమిటో చెప్పుకుందాం. అన్నిటికన్నా ముందు వేళ. మిట్టమధ్యాహ్నం ఆకాశానికీ నేలకూ మధ్య వెలుతురు తేడాను ఇవాళ్టి కెమెరా కూడా మొయ్యలేదు. పొద్దు పొడిచిన తొలి అరగంట, పొద్దు వాలే ముందు అరగంట ఆ తేడా తగ్గుతుంది. లాల్‌బాగ్ బండకు తెల్లవారుజాము, కెంపాంబుధి చెరువుకు సాయంత్రం బాగుంటాయి. ఏప్రిల్ ఎండల్లో ఆకాశం ఎలాగూ పాలిపోయి ఉంటుంది, మబ్బులు కావాలంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ఊరికి మించిన చోటు లేదు.

ఫోన్ అయితే ముందు లెన్స్ తుడవండి. తెర మీద ఆకాశం దగ్గర వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగండి. నేల కొంచెం చీకటిగా వచ్చినా పర్వాలేదు. చీకట్లో ఉన్న వివరాన్ని తర్వాత లాగొచ్చు గానీ, పూర్తిగా తెల్లబారిన చోట లాగడానికి ఏమీ మిగలదు. కెమెరా ఉన్నవాళ్ళు రా ఫైల్‌లో తియ్యండి. స్టాండు మీద పెట్టి, ఐఎస్‌ఓ 100, అపెర్చర్ ఎఫ్ 8 నుంచి 11 మధ్య ఉంచి, ఒకే దృశ్యాన్ని తక్కువ, సరైన, ఎక్కువ వెలుతురులతో మూడుసార్లు తీస్తే లె గ్రే రెండు నెగెటివ్‌లతో చేసిన పని మీకూ వీలవుతుంది. దిగంతం గీత వంగకుండా చూసుకోండి. దగ్గరలో ఒక రాయో చెట్టు కొమ్మో ఫ్రేములోకి వస్తే దూరం ఎంత దూరమో చూసేవాళ్ళకు తెలుస్తుంది.

ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో ముందు వంకర సరిచెయ్యండి. తర్వాత రంగు. బట్ట రంగు షాపు లైటు కింద కాదు, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడాలని మన పేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వైట్ బ్యాలెన్స్ అంటే అదే. ఆ తర్వాత హైలైట్స్ తగ్గించి, షాడోస్ కాస్త పెంచండి. ఆకాశాన్ని విడిగా ఎంచుకుని కొద్దిగా ముదురు చెయ్యవచ్చు. శాచురేషన్ మీటను మాత్రం పట్టుచీర అంచులా మెరిసేదాకా లాగొద్దు. ఒక రాత్రి ఆగి పొద్దున మళ్ళీ చూడండి, ఎక్కువైంది ఎక్కడో మీకే తెలుస్తుంది. అసలు ఫైలును మాత్రం ఎప్పుడూ చెరపకండి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? మన కాటన్‌పేట నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో మెజెస్టిక్ బస్‌స్టాండ్ ఉంది. అక్కడ ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేది. హెసరఘట్ట నీళ్ళు వచ్చేదాకా పేట దాహం తీర్చిన చెరువుల్లో అదొకటి. సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం వచ్చింది. కరగ ఊరేగింపు ఏటా మన తవక్కల్ మస్తాన్ దర్గాకు వస్తూనే ఉంది గానీ, అది నడిచే వీధుల రూపురేఖలు మన కళ్ళ ముందే మారిపోయాయి. అరళేపేట అన్న పాత పేరు, దూది మూటలు, పెంకుటిళ్ళ చూరులు పిల్లలకు చూపించాలంటే మన దగ్గర ఏముంది? పెళ్ళి ఆల్బముల్లో మనుషుల వెనక అనుకోకుండా పడ్డ గోడలూ వీధులే.

ఇవాళ మనం తీసే ఫోటో ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరికో అలాంటి ఆధారం అవుతుంది. అందులో ఆకాశం ఇంకో ఊరిదైతే, స్తంభాలు చెరిపేసి ఉంటే, దాన్ని నమ్మి ఎవరేం చెప్పగలరు?

అందుకని మా మనవి మూడు మాటలు. గ్రూపులో పెట్టే ప్రతి సీనరీ ఫోటో కింద చోటు, తేదీ, వేళ రాయండి. దిద్దుంటే ఏం దిద్దారో ఒక ముక్క చేర్చండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఇక ఇంట్లో బీరువాల్లో, ట్రంకుపెట్టెల్లో ఉన్న పాత ఫోటోలలో పేట వీధులు గానీ, చెరువులు గానీ, గుడి పరిసరాలు గానీ కనిపిస్తే వాటిని పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, నిటారుగా పట్టుకుని ఫోన్‌తో తీసి పంపండి. వెనకవైపు ఏదైనా రాసి ఉంటే అదీ తియ్యండి. ఏ వీధి, ఏ సంవత్సరం అన్నది పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. వచ్చినవన్నీ ఒకచోట వరసగా పేర్చే పని మేము చూసుకుంటాం.