ఊరి బాగును కొలుచుట



పూర్వపు కరణముల కవిలెకట్టలలో పల్లమెంత, మెట్టయెంత, శిస్తెంత యని వ్రాసియుండెడిది. ఆ పొలమును దున్నువాని బిడ్డకు అక్షరములు వచ్చునా, వాని యిల్లాలు కాన్పులో బ్రతికి బయటపడెనా యను సంగతి అందు కానరాదు. శిస్తుకొరకు పుట్టిన లెక్కలవి. మనుష్యుని బాగోగులను కొలుచుట యెట్లు మొదలయ్యెనో, ఆ కొలత ఊరివరకు దిగివచ్చునప్పుడు ఏమగునో నేడు మనవి చేసెదను.

మన దేశమున ఈ ప్రశ్నను గట్టిగా నడిగినవారిలో దాదాభాయి నౌరోజీగారు ముఖ్యులు. 1867-68 నాటి పంటలను రాష్ట్రమువారీగా లెక్కించి, సాలుకు తలకు ఇంచుమించు 20 రూపాయలే పడుచున్నవని తేల్చిరి. చెరసాలలోని ఖైదీ కూటికిని గుడ్డకును అయ్యెడి ఖర్చు అంతకంటె హెచ్చని చూపిరి! ఇంత పదునైన పోలికను నేను మరియొకచోట చదివి యెరుగను. అయినను అది రూపాయల లెక్కయే.

1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పక్షమున మహబూబ్ ఉల్ హక్‌గారు, అమర్త్యసేన్‌గారి తోడ్పాటుతో, ఆయుర్దాయము, విద్య, ఆదాయము అను మూటిని కలిపి యొక కొలబద్ద చేసిరి. ఆయుర్దాయమునకు 20 ఏండ్లు అడుగుగీటు, 85 ఏండ్లు పైగీటు అని నేటి వాడుక. ఒకచోట జనుల ఆయుర్దాయము 72 ఏండ్లయినచో, 65 మెట్లలో 52 ఎక్కినట్లు; అనగా 0.8. తక్కిన రెండును ఇట్లే. 2010లో ఈ మూటిని కలుపు పద్ధతిని మార్చి, ఒకదాని లోటును మరియొకదాని మిగులు పూర్తిగా కప్పివేయకుండ చేసిరి. అది న్యాయమైన మార్పని నా తలంపు.

దేశమునకంతకు ఒక్క అంకె చాలదు గదా. 1995లో మధ్యప్రదేశము తన రాష్ట్రమునకు ప్రత్యేకముగా ఇట్టి నివేదికను వెలువరించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు 2007 నాటి నివేదికను హైదరాబాదులోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రము సిద్ధపరచెను. జిల్లాల నడుమ అంతరమెంతటిదో 2011 జనాభా లెక్కయే చెప్పుచున్నది: ఏడేండ్లు నిండినవారిలో అక్షరాస్యులు హైదరాబాదు జిల్లాలో నూటికి 83 మంది, మహబూబునగరమున 55 మంది. ఆ మహబూబునగరమందే పురుషులు ఇంచుమించు 65, స్త్రీలు 45. సరాసరి యనునది ఇంటిలోని ఆడుబిడ్డను కూడ మరుగుపరచును.

పాలమూరు కూలీలను మీరెరుగుదురు. దేశమందలి ఆనకట్టలకును కాలువలకును మట్టి మోసినవారు వారు. కరవు కాలమున ఊరు విడుచునప్పుడు బిడ్డలనుకూడ వెంటగొనిపోయెదరు. బడి పట్టికలో ఆ బిడ్డ పేరు నిలిచియే యుండును. కొలబద్ద ఆ పేరును విద్యగా లెక్కించును. బిడ్డ మాత్రము ఎక్కడనో ఇటుకబట్టీవద్ద నుండును.

జిల్లాల హద్దులు మారుటయు నొక చిక్కు. 2016లో తెలంగాణమందలి 10 జిల్లాలు 31 అయ్యెను. 2022లో ఆంధ్రప్రదేశమందలి 13 జిల్లాలు 26 అయ్యెను. 2021లో జరుగవలసిన జనాభా లెక్క ఆ యేట జరుగలేదు. పాత అంకెలను క్రొత్త హద్దులకు సరిపెట్టుట సామాన్యమైన పని గాదు.

ఇక గ్రామము మాట. ఏటికి 40 కాన్పులగు ఊరిలో ఒక శిశువు మరణించినచో శిశుమరణములు వేయింటికి 25. ఇద్దరు మరణించినచో 50. ఒక్క పసికందుతో అంకె రెట్టింపగుచున్నది. ఊరు చెడినదా, బాగుపడినదా? ఆ అంకె చెప్పజాలదు. కావున ఊరిలో వేయింటి లెక్క పనికిరాదు. పేరుపేరున వ్రాసుకొనవలెను: ఏ యింటి బిడ్డ, ఏ నెలలో, ఏ జబ్బుతో, వైద్యుడు ఎంత దూరమున నుండెను. 1969 నాటి చట్టము ననుసరించి జననమును గాని మరణమును గాని 21 దినములలో తెలుపవలెను. పుట్టిన వారమునకే పోయిన శిశువు విషయమున జననమొకటి, మరణమొకటి, రెండును వ్రాయింపవలసియుండును. దుఃఖములోనున్న తలిదండ్రులు ఒక్కటియు వ్రాయింపకపోవచ్చును. అప్పుడు ఆ యింటికి వెళ్లి అడిగి వ్రాయించువారు ఊరి పెద్దలే కావలెను.