వాండెన్‌బ్రూక్ ఎక్కిన కొండ

సైకిల్ రేసు అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది టూర్ ద ఫ్రాన్స్. అదొక మూడు వారాల తతంగం. నన్నడిగితే అసలు రుచి వసంతకాలపు ఒకరోజు రేసులదే. పొద్దున మొదలై సాయంత్రానికి తేలిపోతుంది, ఓడినవాడికి రేపు చూసుకుందామనే వీలుండదు. బెల్జియంలోని లియేజ్ నుంచి బాస్తోన్ వెళ్ళి మళ్ళీ లియేజ్‌కే వచ్చే రేసు 1892 నాటిది. సుమారు 260 కిలోమీటర్లు, ఆర్డెన్ కొండలు ఎక్కుతూ దిగుతూ తొక్కాలి. ఆ రేసు పేరెత్తితే నాకు కళ్ళముందు కదిలేది 1999 ఏప్రిల్, ఫ్రాంక్ వాండెన్‌బ్రూక్.

ప్లుగ్‌స్టీర్ట్ అనే చిన్న ఊళ్ళో కేఫ్ నడిపేవాళ్ళ అబ్బాయి. చిన్నప్పుడు ర్యాలీ కారు గుద్ది మోకాలు దెబ్బతింది. ఆ కాలితోనే 24 ఏళ్ళకు బెల్జియం మొత్తానికి ముద్దుబిడ్డ అయ్యాడు.

ఆ రేసులో లా రెడూట్ దాదాపు రెండు కిలోమీటర్ల ఎక్కుడు. రోడ్డు నిండా సున్నం కొట్టినట్టు రైడర్ల పేర్లు, రెండు పక్కలా జెండాలు, బీరు గ్లాసులు పట్టుకున్న జనం. అక్కడ మికెలె బార్తొలి సీటు మీంచి లేచి లాగాడు. అంతకుముందు రెండేళ్ళూ గెలిచింది అతనే. అతను లేచాడంటే మిగతావాళ్ళు రెండో స్థానం లెక్కలు వేసుకోవాల్సిందే. వాండెన్‌బ్రూక్ మాత్రం అతని వెనక చక్రం పట్టుకుని సరిపెట్టుకోలేదు, ఏకంగా పక్కకొచ్చాడు. కొంతదూరం ఇద్దరి భుజాలూ ఒకే వరసలో కదిలాయి. తర్వాత బార్తొలి చక్రం బెత్తెడు వెనకబడింది, ఆపైన బారెడు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు తెలియకుండానే లేచి నిలబడతాను. వెనకవాళ్ళు మళ్ళీ వచ్చి కలిశారు గానీ బార్తొలి పని అక్కడే అయిపోయింది. ఇటాలియన్ గని కార్మికులు స్థిరపడ్డ సెయింట్ నికొలాస్ పేట ఎక్కుడు మీద మరో పోటీదారు మైకేల్ బూగర్డ్‌నూ దాటేసి, లియేజ్ శివారు ఆన్స్‌లో ఒంటరిగా గీత దాటాడు.

అక్కణ్ణుంచి అంతా పల్లమే. మే నెలలోనే పారిస్ పోలీసులు డోపింగ్ విచారణలో అదుపులోకి తీసుకున్నారు, జట్టు పక్కనబెట్టింది. ఆ అక్టోబరులో వెరోనా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పడి మణికట్టు విరిగినా దిగకుండా ఏడో స్థానం తెచ్చుకున్నాడు. 2002లో ఇంట్లో ఈపీఓ, మార్ఫిన్ లాంటి నిషేధిత మందులు దొరికితే అవి కుక్క కోసమన్నాడు. లోకమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. 2003లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్‌లో రెండోవాడిగా వస్తే మనవాడు తిరిగొచ్చాడని సంబరపడ్డాం. 2006లో ఇటలీలో ఒక అమెచ్యూర్ రేసులో దొరికిపోయాడు. చేతిలో లైసెన్సు ఫ్రాన్సెస్కో దెల్ పోంతె పేరిట, దాని మీద ఫొటో మరో రైడర్ టామ్ బూనెన్‌ది. ఊరూరా తన పేరు రోడ్డు మీద రాయించుకున్నవాడికి ఆ పేరుతో సైకిల్ ఎక్కడమే బరువైపోయింది.

మందుల తప్పు అతనిదే, కాదనను. కానీ ఆ తరంలో అతనొక్కడే తినలేదు. బూగర్డ్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు. తేడా ఏమిటంటే, అంత ఎత్తుకు అభిమానులం మోసింది ఇతన్ని. దిగేటప్పుడు పట్టుకునే చెయ్యి మాత్రం దొరకలేదు.

2009 అక్టోబరు 12న సెనెగల్‌లోని సలీ అనే సముద్రతీర పట్టణంలో, హోటల్ గదిలో చనిపోయాడు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందన్నారు. అప్పటికి 35 కూడా నిండలేదు. లియేజ్ విజేతల జాబితాలో 1999కి ఎదురుగా ఈనాటికీ అతని పేరే ఉంది. దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు.