ఎముకల్లో నైట్ షిఫ్టు

లిలువా స్టేషను మెట్ల మీద పిన్ని మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ ఆయాసమని చెప్పింది కానీ, చెయ్యి మాత్రం నడుం మీదకే పోతోంది. ఏడున్నర లోకల్ వచ్చేసింది. లేడీస్ పెట్టెలో ఎవరో పూలబుట్ట జరిపి చోటిచ్చారు.

"ముసిలి నడుం, నొప్పెట్టక పాడతాదేటి?" రెండు నెలలుగా ఇదే మాట. కానీ నాలుగేళ్ళ కిందట ఎడమ రొమ్ము తీసేసిన మనిషి నడుం నొప్పిని డాక్టరు అంత తేలిగ్గా వదల్లేదు. రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా ఎక్కువ వచ్చింది. బోన్ స్కాన్ రాసిచ్చారు.

హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లుల్లో పనికోసం గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి బళ్ళెక్కి వచ్చినవాళ్ళలో బాబాయి తాత ఒకడు. బాబాయి మాత్రం రైల్వేలో కుదురుకున్నాడు. లిలువా అంటేనే కారేజ్ వర్క్‌షాపు. 1900లో ఈస్టిండియన్ రైల్వే పెట్టింది. అక్కడ చక్రాల షాపులో రిటైరైన మనిషి, మోకాళ్ళు అరిగిపోయి ఇవాళ ఇంట్లోనే ఉండిపోయాడు. గుమ్మంలో నిలబడి పిన్నితో అన్న మాట ఒక్కటే: "ఇరుసులో పగులు పైకి కనబడదు. సప్పుడు పంపి సూస్తాం. నీకూ అదే."

హౌరా తరవాతి స్టేషనే. అక్కడ కిందికి, ఇంకా కిందికి దిగితే మెట్రో. 2024 మార్చి నుంచి హుగ్లీ నది అడుగున నడుస్తోంది. నది కింద 520 మీటర్లు, నలభై ఐదు సెకన్లు. పిన్ని కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. ఎస్ప్లనేడ్‌లో మారి, జతిన్ దాస్ పార్కులో పైకొచ్చాం. హాజ్రా. ఇక్కడే చిత్తరంజన్ కాన్సర్ ఆసుపత్రి ఉంది. మేం వెళ్ళాల్సింది అది కాదు, ఇంకొంచెం అవతల. కానీ దాని ముందునుంచి పోతూ ఊరుకోలేకపోయాను. 1950 జనవరి 2న ఆ ఆసుపత్రిని ప్రారంభించింది ఇరేన్ జోలియో-క్యూరీ. మేరీ క్యూరీ కూతురు. మామూలు పదార్థాన్ని మనిషి చేత్తో రేడియోధార్మికంగా మార్చవచ్చని 1934లో భర్తతో కలిసి చూపించింది, మరుసటి ఏడాదే నోబెల్. ఇవాళ పిన్ని నరంలోకి ఎక్కబోయే మందు పుట్టుకకి మూలం అక్కడుంది. "ఆవిడ బాగుందా?" అంది పిన్ని. 1956లో లుకేమియాతో పోయిందని చెప్పాలో వద్దో తేల్చుకునేలోపు స్కాన్ సెంటరు వచ్చేసింది.

న్యూక్లియర్ మెడిసిన్ ఎప్పుడూ భవనంలో అట్టడుగునో ఒక మూలకో ఉంటుంది. తలుపు మీద పసుపు పచ్చటి మూడు రేకల గుర్తు. లోపల కుర్రాడు సీసపు తొడుగున్న సిరంజీతో వచ్చాడు. "మాశీమా, ఏ పక్క ఆపరేషన్?" ఎడమ అని తెలిశాక కుడిచేతికి పొడిచాడు. చంక గడ్డలు తీసేసిన పక్క చెయ్యి వాచే ప్రమాదం ఉంది, అందుకని ఆ చేతికి సూది పొడవరు. ఐదు సెకన్లు పట్టిందేమో. ఇరవై మిల్లీక్యూరీలు. "ఇంతేనా?" అంది పిన్ని, కాస్త నిరాశగా కూడా.

ఆ మందు పొద్దున్నే పిండిన పాలు. ఉపమానం నాది కాదు, వాళ్ళే అలా అంటారు. మాలిబ్డినం ఉన్న సీసపు డబ్బాని 'ఆవు' అనీ, దాన్నుంచి రోజూ టెక్నీషియం తియ్యడాన్ని 'పితకడం' అనీ. మాలిబ్డినం 66 గంటలకి సగమవుతుంది కాబట్టి వారం తిరిగేసరికి ఆవు వట్టిపోతుంది, కొత్తది రావాలి. టెక్నీషియం సగమయ్యేది ఆరు గంటలకే. దాన్ని ఒంటరిగా పంపితే ఎముకలోకి పోదు. ఫాస్ఫేటు జాతి మందుకి, ఎండీపీకి, కట్టి పంపాలి. ఫాస్ఫేటుకి దీన్ని కట్టే ఉపాయాన్ని 1971లో గోపాల్ సుబ్రమణ్యన్, జాన్ మెకాఫీ సిరక్యూస్‌లో కనిపెట్టారు, ఎండీపీ 1975లో వచ్చింది. ఫాస్ఫరస్ మాటొస్తే మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గుర్తురాక మానడు. 1925లో ఫిస్కేతో కలిసి ఒంట్లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి చెప్పింది ఆయనే.

ఇంక మూడు గంటలు కూచోవాలి. మందు ఎముకల్లో పట్టాలి, పట్టని సగం మూత్రంలో పోవాలి. "జొల్ ఖాన్, మాశీమా, జొల్ ఖాన్" అంటూ కుర్రాడు అరగంటకోసారి తలుపులోంచి తల పెడతాడు. సూది పడ్డవాళ్ళ గది వేరు, వాళ్ళ బాత్రూము వేరు. నేను అద్దం ఇవతల. పిన్ని పక్కనున్న ఉలుబేరియా ఆవిడతో అప్పుడే పప్పుచారు గురించి బెంగాలీలో మాట్లాడేస్తోంది.

రొమ్ము కాన్సర్‌కి ఎముకలంటే ఎందుకంత మక్కువో అడిగితే వైద్యులు ఇప్పటికీ స్టీఫెన్ పాజెట్ దగ్గర మొదలెడతారు. 1889లో ఆ లండన్ సర్జను రొమ్ము కాన్సర్‌తో పోయిన 735 మంది వివరాలు తిరగేసి, విత్తనం గాలికి ఎటైనా పోతుంది, మొలిచేది మాత్రం పదునున్న నేలలోనే అన్నాడు. పిన్నికి ఈ ముక్క చెబితే చాలు, మిగతాది ఆవిడే చెప్పగలదు. నాగావళి పక్క మడి చూసిన మనిషి.

ఒంటిగంట దాటాక పిలిచారు. ముందు బాత్రూము. మూత్రసంచి నిండుగా ఉంటే అదే నల్లగా వెలిగి కటి ఎముకల్ని కప్పేస్తుంది. ఒక్క చుక్క చీర మీద పడ్డా తెర మీద అదొక మచ్చ. పుస్తెలతాడు తీసి నా గుప్పిట్లో పెట్టి, గుప్పిట మూసింది. సన్నటి బల్ల. కింద ఒక పలక, పైన ఒక పలక. పైది ముక్కుకి బెత్తెడు దూరం దాకా దిగింది. చేతులకి పట్టీ బిగించారు. ఎమ్మారైలా మోత లేదు. మిషను ఏమీ విసరడం లేదు, పిన్ని ఒంట్లోంచి వచ్చేదాన్ని పట్టుకుంటోందంతే. బల్ల కదులుతోందా లేదా అన్నంత నెమ్మది.

తెర ముందు నన్ను నిలబడనిచ్చారు. చుక్కలు. ముగ్గు చుక్కలనబోయాను, కాదు, వాటికి వరస ఉంటుంది. ఇవి ఎండిన వాకిట్లో వాన మొదలైనప్పటి చినుకులు. ఒకటి ఇక్కడ, నాలుగు అక్కడ, చూస్తుండగానే పుర్రె గుండ్రం, దవడ, భుజాలు. పక్కటెముకల మెట్లు. ఇరవై నిమిషాల్లో పిన్ని తెర మీద నిలబడింది, చీరా బొట్టూ లేకుండా, ముందునుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి.

నల్లటివి కనిపిస్తున్నాయి. రెండు మోకాళ్ళూ. సూది పడ్డ మోచెయ్యి. కుడి పక్కటెముకల్లో మూడు చుక్కలు, ఒకదాని కింద ఒకటి, స్కేలు పెట్టి గీసినట్టు. నడుం దగ్గర ఒకటి. ఎడమ తుంటి రెక్కలో, చిన్నది, ఒకటి. నా అరచేతిలో పుస్తెలు తడిసిపోయాయి.

డాక్టరమ్మ వచ్చి, నా మొహం చూసి, తెర చూసింది. "ఇది కాన్సర్ని చూపించదమ్మా. ఎముక ఎక్కడ పని చేస్తోందో చూపిస్తుంది." కాన్సరు కణం ఎముకని కొరికితే, ఆ గుంటని పూడ్చడానికి ఎముక కొత్త ఖనిజం వేస్తుంది. ఎండీపీ పోయి అంటుకునేది ఆ తాజా పూత మీద. ఎముక విరిగినా అదే పూత, కీలు అరిగినా అదే. ఎక్స్‌రేలో గుంట కనబడాలంటే 30 నుంచి 50 శాతం ఖనిజం పోవాలి, ఇది అంతకు ముందే చూస్తుంది. ముందే చూస్తుంది, కాకపోతే అన్నిటినీ చూస్తుంది. అందుకే నొప్పీ గిప్పీ లేని తొలిదశ రొమ్ము కాన్సర్‌లో దీన్ని చెయ్యొద్దని అమెరికా కాన్సర్ వైద్యుల సంఘం 2012లోనే చెప్పింది. మందు పనిచేసి ఎముక మానుతున్నా కొన్ని నెలలు మచ్చలు ముదురుతాయట.

ఫోన్లో బాబాయికి ఇదంతా ఎలా చెప్పాలా అనుకుంటుంటే ఆయనే తేల్చేశాడు. "అంటే ఏ షెడ్లో లైట్లెలుగుతున్నాయో తెలుస్తాది, లోపల ఏ బోగీ ఎందుకొచ్చిందో తెలీదు. అంతే కదా?" అంతే. నలభై నిమిషాలు చదివి నేను అర్థం చేసుకున్నదానికంటే బాగా చెప్పాడు.

లోపలికెళ్ళి చూడాలంటే స్పెక్ట్-సీటీ. "మాశీమా, ఇంకో పదిహేను నిమిషాలు." ఆ మాటకి పిన్ని తల తిప్పబోయింది, కదలొద్దన్నారు. కళ్ళు మాత్రం నావైపు తిప్పింది. అప్పటిదాకా ఉన్న ధీమా అంతా ఆ పదిహేనులో కరిగింది. పలకలు ఈసారి చుట్టూ తిరిగాయి. సంచి నిండా నీళ్ళు తాగిన మనిషి, మళ్ళీ బాత్రూముకు పోవాలని కూడా అడగలేదు.

బయటికొచ్చేటప్పుడు ఒకటే జాగ్రత్త చెప్పారు. ఇవాళ రాత్రికి చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దు. ఇంట్లో ఎనిమిది నెలల మనవడు. లోకల్‌లో పిన్ని వేళ్ళ మీద లెక్క కట్టింది: పదింటికి సూది, నాలుక్కి సగం, రాత్రి పదికి పావు, తెల్లారి పదికి వీసం. గుమ్మంలో వాడు చేతులు చాపితే అవతలి గదిలోకి పోయి తలుపేసుకుంది. వాడు తలుపు కొడుతుంటే లోపలినుంచి పాడింది.

రెండ్రోజులకి రిపోర్టొచ్చింది. పక్కటెముకల వరస, మొన్న బాత్రూములో జారిపడ్డప్పటి పగుళ్ళు. నడుం, కీళ్ళ అరుగుదల, ముసిలి నడుమే. మోకాళ్ళు సరేసరి. తుంటి రెక్కలో చిన్న మచ్చ మాత్రం సీటీలో గట్టిపడి కనిపించింది. ఒంటరి మచ్చ, అనుమానమే, ముక్క తీసి చూడాలి.

"అక్కడ నాకు నొప్పే లేదు కదా" అంది పిన్ని.

బాబాయి ఫిల్ముని ట్యూబ్‌లైటుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. పెన్సిల్‌తో మోకాళ్ళు చూపించి, "ఇయి నాకూ ఉంటాయి" అన్నాడు. తుంటి దగ్గరికి పెన్సిల్ తీసుకెళ్ళలేదు.

"మంగళారమా?" పిన్ని మనవణ్ణి చంకనేసుకుని కాలెండరు చూస్తోంది. "ఏడున్నరదాన్లో జనం ఎక్కువ. ముందుదానికి పోదాం."