బకింగ్‌హామ్ కాలువ మట్టి ఎవరు మోశారు? ధాత కరువు, ఒంగోలు కథ

ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్ళకి బకింగ్‌హామ్ కాలువ తెలిసే ఉంటుంది. సముద్రానికి దగ్గరగా, తీరం పొడుగునా మద్రాసు దాటి వెళ్ళే కాలువ అది. అందులో మూడున్నర మైళ్ళ ముక్క ఒకటుంది. ఈ రోజు ఎపిసోడ్ దాని గురించే.

1876లో వానలు పడలేదు. ఆ తెలుగు సంవత్సరం పేరు ధాత, అందుకే మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేవారు. 1878 దాకా సాగిన ఆ కరువులో 50 లక్షల మందికి పైగా చనిపోయారు. ఇక్కడ జనం ఆకులు, దుంపలు ఏరుకుని తింటుంటే, 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని మహారాణిగా ప్రకటిస్తూ దర్బారు చేశారు. ధాన్యం ఓడలెక్కి బయటికి పోవడం మాత్రం ఆగలేదు.

సర్కారు కరువు పనులు పెట్టింది. కానీ ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ మగమనిషి కూలీని రోజుకి ఒక పౌను ధాన్యం లెక్కకి దించేశాడు. అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిగా చిల్లర. దాంతో పొద్దస్తమానం మట్టి తవ్వాలి! మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి డాక్టర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే కూలీ అని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకి ఆ రేటు మార్చారు.

ఇప్పుడు ఒంగోలుకి వద్దాం. జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చింది మాదిగ కుటుంబాలు. తోలు పని చేసే వీళ్ళకి మామూలు రోజుల్లోనే తిండి అంతంతమాత్రం. కరువులో వాళ్ళు సర్కారు పనికి పోతే అక్కడా చుక్కెదురే. పైన ఉండే మేస్త్రీలు తిట్టడం, కొట్టడం, కూలీ కోసుకోవడం. ఇంతకంటే మా ఊళ్ళోనే చచ్చిపోతాం అని కొందరు వెనక్కి వచ్చేశారు. నన్నడిగితే ఈ కథకి అసలు మలుపు ఇదే. పని ఉంది, కూలీ ఉంది, అది వీళ్ళ చేతికి రావడం లేదు.

క్లౌ గంజి పోసి ఊరుకోలేదు. కుర్రతనంలో అమెరికాలో భూమి సర్వే పని చేసిన అనుభవం ఆయనకుంది. అందుకే కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. మేస్త్రీలుగా తన తెలుగు బోధకుల్నే పెట్టాడు. వాళ్ళలో చాలామంది మాదిగ కుటుంబాల వాళ్ళే. ఒక్కొక్కరి కింద సుమారు వంద మంది. పగలు పని కొలిచేది వాళ్ళే, సాయంత్రం కూలీల పక్కన కూర్చుని మాట్లాడేదీ వాళ్ళే. మధ్యాహ్నం పూట వాళ్ళు ఎక్కువగా చెప్పిన బైబిలు మాట ఏంటో తెలుసా? బరువు మోసి అలసిపోయిన వాళ్ళని యేసు తన దగ్గరికి పిలిచే మాట. మనం ఆ వాక్యం గోడ మీద క్యాలెండర్‌లో చూస్తాం. వాళ్ళు మట్టి తట్ట దించి విన్నారు. తేడా ఉంటుంది కదా!

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. అన్నం చూపించి మతం మార్చారా? ఈ అనుమానం క్లౌకే ముందు వచ్చింది. కరువు సాయం నడుస్తున్నంత కాలం, దాదాపు 15 నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగిన వాళ్ళని తిప్పి పంపాడు. సాయం ముగిసే సమయంలో, 1878 జూన్‌లో, ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర వేల మంది చేరారు. ఇంక ఇవ్వడానికి డబ్బు లేదు అని ఆయన చెప్పాడు. వాళ్ళు చేతులకున్న బొబ్బలు చూపించి, మేం కష్టపడి బతికినవాళ్ళం, సాయం అడగడం లేదు, వచ్చే పంట పోయి చచ్చినా క్రైస్తవులుగానే చస్తాం అన్నారు.

జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో దిగింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మారుతూ ఇచ్చారు. జూలై నెలాఖరుకి లెక్క 9,600 దాటింది.

అందరూ ఒకే కారణంతో వచ్చారని నేను చెప్పను. మనిషి ఆకలీ, కృతజ్ఞతా, నమ్మకమూ విడివిడి డబ్బాల్లో ఉండవు. కానీ కూలీ డబ్బులు పూర్తిగా చేతికొచ్చి, తిట్టకుండా పని చేయించుకున్న మేస్త్రీని వాళ్ళలో చాలామంది జీవితంలో మొదటిసారి అక్కడే చూసి ఉంటారని నాకనిపిస్తుంది. పుస్తకాలు మాత్రం దొర గురించే ఎక్కువ రాశాయి. తట్టలు మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా కనపడవు.

కాలువకి చివరికి అప్పటి మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టారు. మీ ఇంట్లో తాతయ్య, నానమ్మ ఉంటే ధాత కరువు మాట ఎప్పుడైనా విన్నారేమో ఒకసారి అడగండి.