సున్నాకి ఎడమ పక్కన

ఆరో తరగతి లెక్కల పుస్తకంలో పూర్ణ సంఖ్యల పాఠం దగ్గర చాలామంది పిల్లలు ఒక చోట ఆగిపోతారు. −16, −81. ఈ రెండిట్లో ఏది పెద్దది? అప్పటిదాకా నేర్చుకున్నదంతా 81 వైపే లాగుతుంది. టీచరు బోర్డు మీద సంఖ్యారేఖ గీసి, కుడివైపు ఉన్నదే పెద్దది కాబట్టి −16 పెద్దది అంటారు. పిల్లలు సరేనని రాసుకుంటారు. నమ్మకం మాత్రం కుదరదు.

నమ్మించడానికి పుస్తకాలు సముద్రాన్నీ మంచునీ పట్టుకొస్తాయి. సముద్రమట్టానికి కింద జలాంతర్గామి, సున్నా డిగ్రీలకి కింద ఏదో హిమాలయ పట్నం. నల్లగొండకి సముద్రం లేదు, పాలమూరుకి మంచు లేదు. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులంటాం. ఆ లెక్క మొదలయ్యేది సముద్రమట్టం దగ్గరే అయినా, డ్యామ్ మీద నిలబడి చూసేవాళ్ళకి ఆ సున్నా ఎక్కడా కనబడదు. సున్నాకి కింద కూడా అంకెలుంటాయని ఇక్కడి మనిషికి చూపించినవి రెండే: బావి, అప్పు. బావి సంగతి అలా ఉంచుదాం. అప్పు సంగతి ఆ సంఖ్యల పేరులోనే ఉంది.

ఇంగ్లీషు వాడు వాటిని నెగెటివ్ అన్నాడు. అంటే కాదనేవి. మనం ఋణ సంఖ్యలు అంటున్నాం, అంటే బాకీవి. ఎదురుగా ఉన్నవి ధన సంఖ్యలు. ఈ జంట కొత్తగా పాఠ్యపుస్తకాల కమిటీ కూర్చుని కల్పించింది కాదు. క్రీ.శ. 628లో, ఇవాళ రాజస్థాన్‌లో ఉన్న భిన్మాల్ ఊళ్ళో, బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’ రాస్తూ ధనానికీ ఋణానికీ శూన్యానికీ కలిపి సూత్రాలు చెప్పాడు. రెండు ఋణాలు కలిస్తే ఋణమే. ధనమూ ఋణమూ సమానంగా కలిస్తే శూన్యం. శూన్యంలోంచి ఋణాన్ని తీసేస్తే ధనం. ఈ చివరి దాన్ని గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పని పడుతుంది.

అంతకుముందే చైనాలో లెక్కల పుల్లలతో ఈ పని చేశారు. మూడో శతాబ్దంలో లియూ హుయీ ధనానికి ఎర్ర పుల్లలు, ఋణానికి నల్ల పుల్లలు వాడమన్నాడు. ఎర్ర సిరాతో నష్టం రాసుకునే మనకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఇంకో తమాషా, పాత బక్షాలీ రాతప్రతిలో అంకె పక్కన ఇప్పటి ప్లస్ లాంటి గుర్తు ఉంటే అది ఋణం. గుర్తుల్లో ఏమీ లేదన్నమాట, ఒప్పందమే అంతా.

యూరప్‌లో మాత్రం వెయ్యేళ్ళ తర్వాత కూడా గొడవ తెగలేదు. 1544లో ష్టీఫెల్ వీటిని అసంబద్ధ సంఖ్యలన్నాడు. సున్నాలోంచి నాలుగు తీస్తే సున్నాయే మిగులుతుందని, అది అర్థంకాని వాళ్ళు కూడా ఉన్నారని పాస్కల్ ఆశ్చర్యపోయాడు! ఆర్నో అడిగిన ప్రశ్న ఇంకా పదునైంది. −1కి 1కి ఉన్న నిష్పత్తీ, 1కి −1కి ఉన్న నిష్పత్తీ ఒకటే అంటున్నారు. చిన్నదానికీ పెద్దదానికీ ఉన్న సంబంధం, పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న సంబంధంతో సమానం ఎలా అవుతుంది? 1656లో వాలిస్ ఇంకో దారి పట్టి, ఋణ సంఖ్యలు సున్నా కంటే తక్కువ కాదు, అనంతం కంటే ఎక్కువని తేల్చాడు. ఒక సంఖ్యని చిన్న చిన్న సంఖ్యలతో భాగించుకుంటూ పోతే ఫలితం పెరుగుతుంది, సున్నా దగ్గర అనంతం అవుతుంది, మరి సున్నా కంటే చిన్నదానితో భాగిస్తే? లెక్క తర్కంగానే ఉంది, పాపం. ఆ వాలిసే 1685లో దారికొచ్చి, ఐదు గజాలు ముందుకి నడిచి ఎనిమిది గజాలు వెనక్కి నడిచినవాడు బయల్దేరిన చోటు నుంచి −3 దగ్గర ఉన్నాడన్నాడు. మన టీచరు బోర్డు మీద గీసే గీతకి మూలం అలాంటి నడకే.

వీళ్ళందరూ ఇరుక్కున్నది ఒకే చోట: ఏది పెద్దది? అప్పు అనే మాట తెలిసిన దేశంలో ఈ చిక్కు లేదని చెప్పేసి ముందుకెళ్ళొచ్చు గానీ, అది నిజం కాదు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు ‘బీజగణితం’లో కోతుల లెక్క ఒకటి ఇచ్చాడు. గుంపులో ఐదోవంతులోంచి మూడు తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేస్తే అన్ని కోతులు గుహలోకి పోయాయి, ఒక్కటి కొమ్మ మీద మిగిలింది. మొత్తం ఎన్ని? సమాధానాలు రెండు వస్తాయి, 50, 5. యాభైకి ఇబ్బంది లేదు. ఐదైతే, ఐదోవంతు ఒకటి, అందులోంచి మూడు తీస్తే −2. వర్గం చేస్తే నాలుగు, కొమ్మ మీది దానితో ఐదు. లెక్క సరిపోయింది. అయినా భాస్కరుడు ఐదుని పక్కన పెట్టేశాడు. లోకులకి ఋణ రాశి మీద నమ్మకం ఉండదని కారణం చెప్పాడు.

కోతుల విషయంలో ఆయన మాట ఒప్పే. కానీ లోకులందరికీ కలిపి చెప్పిన మాట కాబట్టి, నిజాం కాలపు నల్లగొండకి తీసుకొచ్చి చూడాలనిపిస్తుంది.

అక్కడ ధాన్యం అప్పు మీద తీసే వడ్డీకి నాగు అని పేరు. ఒకటికి ఒకటిన్నర లెక్కన ఒక ఉదాహరణ వేసుకుందాం. వానాకాలం ముందు తిండికీ విత్తనానికీ దొర గడిలోంచి 16 కుంచాల జొన్నలు తెచ్చుకున్నాడో రైతు. ఏమీ తీర్చలేకపోతే మరుసటి ఏడు 24, ఆ పై ఏడు 36, తర్వాత 54, నాలుగో పంటకి 81. గడి పద్దులో ఇవి 16, 24, 36, 54, 81గానే ఉంటాయి. రైతు గుడిసెలో మాత్రం −16, −24, −36, −54, −81. అంకె ఒకటే, గుమ్మం దాటగానే గుర్తు మారుతుంది. రెండూ కలిపితే ఎప్పుడూ సున్నాయే, బ్రహ్మగుప్తుడు చెప్పినట్టే.

ఇప్పుడు అడగండి ఏది పెద్దదో. దొరకి 81 పెద్దది. రైతుని అదే మాటతో అడిగితే ఆయనా ‘ఎనభై ఒకటే పెద్ద అప్పు’ అంటాడు. తప్పేం కాదు, ఆయన కొలుస్తున్నది సున్నా నుంచి దూరాన్ని. లెక్కల పుస్తకం దాన్నే పరమ మూల్యం అంటుంది. ఏది నయం అని అడిగి చూడండి. ‘పదహారే నయం’ అంటాడు వెంటనే. సంఖ్యారేఖ మీద కుడివైపు ఉన్నది అదే. రెండు నష్టాల మధ్య, రెండు రోగాల మధ్య, ఇద్దరు దొరల మధ్య తూచడానికి తెలుగులో పుట్టిన మాట ‘నయం’. తరగతి గదిలో ‘పెద్దది ఏది’ బదులు ‘ఏది నయం’ అని మొదలుపెడితే సగం తిప్పలు తప్పుతాయని నా అభిప్రాయం. ఆర్నో సందేహం కూడా పుట్టింది ఇక్కడే, పరిమాణాన్నీ స్థానాన్నీ ఒకే మాటతో పిలవడం దగ్గర.

తీర్చలేని అప్పుకి మనిషి జీతానికి కుదిరేవాడు. తెలంగాణలో జీతముండటం అంటే నెల తిరిగేసరికి డబ్బు అందుకోవడం కాదు, దొర దగ్గర కట్టుబడి చాకిరీ చేయడం. నిజాం రాజ్యం దస్తావేజుల్లో దీని పేరు భగేలా. 36 కుంచాల అప్పున్నవాడికి ఏడాది వడ్డీ 18, వాడి చాకిరీకి కట్టిన విలువ 12 అనుకోండి. ఏడాది చివర −42. పై ఏడు వడ్డీ 21, చాకిరీ మళ్ళీ 12, చివరికి −51. ఏటా పన్నెండు మెట్లు ఎక్కుతూనే ఉంటాడు, ఏటా కిందికే పోతుంటాడు. చచ్చేదాకా పనిచేస్తే మిగిలినది కొడుకు ఖాతాలోకి. పుట్టుకతోనే మనిషికి దేవ, ఋషి, పితృ ఋణాలు మూడుంటాయని శాస్త్రం చెప్పింది. భగేలా ఇంట్లో పితృఋణం అంటే నిజంగా తండ్రి చేసిన అప్పే. కోతులు −2 ఉండవు గానీ, పిల్లవాడు −51 దగ్గర పుట్టగలడు.

1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలని అదుపు చేయడానికి చట్టం తెచ్చింది. ఊళ్ళలో నడిచింది వేరు. నల్లగొండ జిల్లాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ భూముల్లో కొంతైనా ఎన్ని గుడిసెల మైనస్సుల్లోంచి చేరిందో ఊహించుకోవచ్చు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాతి సాయుధ పోరాటంలో జనం గడీల మీద పడ్డప్పుడు, ధాన్యంతో పాటు వాళ్ళు వెతికింది కాగితాలు. అప్పు పత్రాలు బయటికి తెచ్చి తగలబెట్టారు.

ఋణాన్ని తీసేస్తే ధనం అన్న సూత్రం ఇక్కడ పనికొస్తుంది, కానీ జాగ్రత్తగా వాడాలి. −81 ఉన్నవాడి దగ్గర్నుంచి ఆ −81ని తీసేస్తే అతను 81 మెట్లు ఎక్కినట్టే, కదలిక +81. నిలబడిన చోటు మాత్రం సున్నా. పత్రం కాలిన రాత్రి ఆ ఇంట్లో గింజ కూడా పెరగలేదు. చేతిలో ఏమీ లేనివాడు అనే మాట మనం జాలిగా అంటాం, ఆ ఇంటికి అది తరాల తర్వాత దొరికిన హోదా. సున్నా అంటే ఏమీ లేకపోవడం అని చెప్పే టీచర్లు సగమే చెప్తున్నారు. ఎడమ పక్క నుంచి వచ్చేవాడికి సున్నా ఎత్తుగా ఉంటుంది.

పాలమూరు కథ ఇంత మంటలతో నడవలేదు. వానలు సరిగా పడని ఆ జిల్లా నుంచి మట్టి పనికి, డ్యాముల పనికి, కాలువల పనికి మేస్త్రీల వెంట గుంపులు గుంపులుగా దేశమంతా పోయారు. పాలమూరు లేబర్ అనే పేరే పడింది. పోయేముందు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. ఇంటికి అది డబ్బే, పెళ్ళికో ఆస్పత్రికో అదే రోజు ఖర్చైపోతుంది. మేస్త్రీ నోటుపుస్తకంలో ఆ కూలీ మొదటి రోజు పని మొదలుపెట్టేది సున్నా దగ్గర కాదు. రోజు కూలీ, తిండి ఖర్చు, జ్వరమొచ్చి పడుకున్న రోజులు, అన్నీ ఆ గీత మీదే అటూ ఇటూ జరుగుతాయి. పని అయిపోయాక మేస్త్రీ లెక్క చూస్తాడు. అప్పటికి గీత ఎక్కడ ఆగిందో దాన్ని బట్టి ఇంటికి పోవడమా, ఇంకో సీజను ఉండటమా.

1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దయింది. వెట్టికి కట్టేసిన అప్పు తీర్చాల్సిన బాధ్యత ఇక లేదని ఆ చట్టం రాసింది. అంటే ప్రతి −51నీ ఒక్క కలంపోటుతో సున్నా దగ్గరికి తేవడం. వెట్టికి కట్టేసిన అడ్వాన్సుని కూడా ఆ చట్టం అప్పుగానే చూస్తుంది, అది కూలీకి ముందే ఇచ్చిన జీతమని మాత్రం మేస్త్రీ అంటాడు. భాస్కరుడి పద్ధతిలో ఋణ రాశి నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. మేస్త్రీ పుస్తకంలో చుక్కా ఉండదు, మైనస్సూ ఉండదు. పేరు, దాని పక్కన అంకె, అంతే.