అడాప్టరు

అడాప్టరు అనగా నేరుగా కలవని రెండు పరికరాలను కలుపుటకు మధ్యలో ఉంచే సాధనము. కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు వాడేవారందరికీ ఇది పరిచయమే. హైదరాబాదులోని జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలలో సినిమా పని చేసేవారికి దీని అవసరము మరీ ఎక్కువ. వారు వాడే కెమేరా, మైకు, కంప్యూటరు వేర్వేరు కాలాలలో, వేర్వేరు పరిశ్రమలలో రూపొందినవి.

కారణాలు

ప్లగ్గు ఆకారములో తేడా పైకి కనిపించేదే. అసలు చిక్కు సంకేతములో ఉంటుంది. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ అనలాగ్ సంకేతాన్ని పంపుతుంది. 2002లో వచ్చిన హెచ్‌డీఎంఐ డిజిటల్ సంకేతాన్ని పంపుతుంది. ఈ రెండింటి తీగలు కలిపినంత మాత్రాన బొమ్మ రాదు. సంకేతాన్ని మార్చే చిప్పు కావాలి.

2014లో వెలువడిన యూఎస్‌బీ టైప్-సి ఈ తికమకను తగ్గించవలసినది, కాని కొంత పెంచింది కూడా. ఒకే సాకెట్టు గుండా విద్యుత్తు, సమాచారము, దృశ్యము మూడూ పోవచ్చు. అయితే ప్రతి ఫోనూ దృశ్యాన్ని పంపదు. అటువంటి ఫోనుకు మామూలు హెచ్‌డీఎంఐ అడాప్టరు తగిలించినా తెర నల్లగానే ఉంటుంది. తప్పు అడాప్టరుది కాదు. ఐఫోను 2012 నుండి లైట్నింగ్ ప్లగ్గును వాడి, 2023లో టైప్-సికి మారింది.

సినిమా రంగములో

సినిమా కెమేరాలు సాధారణముగా ఎస్‌డీఐ సంకేతాన్ని బీఎన్‌సీ ప్లగ్గు గుండా పంపుతాయి. దీనిని తిప్పి బిగిస్తారు కావున కేబులుకు ఎవరి కాలైనా తగిలినా తేలికగా ఊడదు. మానిటరుకు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్నచో మధ్యలో కన్వర్టరు అవసరము. దాని బ్యాటరీ అయిపోతే దర్శకుని ఎదుట తెర ఆరిపోతుంది.

డబ్బింగులో వాడే కండెన్సర్ మైకులకు సాధారణముగా 48 వోల్టుల ఫాంటమ్ పవరు కావాలి. ఫోను అంత ఇవ్వలేదు. కనుక ప్లగ్గును మాత్రమే మార్చే కేబులుతో ధ్వని రాదు, ఆడియో ఇంటర్‌ఫేసు ఉండాలి.

లెన్సులకు కూడా అడాప్టర్లు ఉన్నాయి. లెన్సు బిగించే చోటుకూ సెన్సారుకూ మధ్య దూరము పీఎల్ పద్ధతిలో 52 మిల్లీమీటర్లు, సోనీ ఇ పద్ధతిలో 18 మిల్లీమీటర్లు. అందుచేత పీఎల్ లెన్సును సోనీ కెమేరాకు 34 మిల్లీమీటర్ల మందము గల అడాప్టరుతో అమర్చవచ్చు. సోనీ లెన్సును పీఎల్ కెమేరాకు అమర్చవలెనంటే లెన్సే అంత లోపలికి దిగవలసి వస్తుంది. కావున అది కుదరదు.

జాగ్రత్తలు

అమెరికాలో ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 120 వోల్టులు, భారతదేశములో 230 వోల్టులు. అమెరికా నుండి బంధువులు తెచ్చిన పరికరానికి ప్లగ్గు అడాప్టరు తగిలించినంత మాత్రాన వోల్టేజి మారదు. పరికరముపై 100-240 అని ముద్రించి ఉంటే భయము లేదు. 120 అని మాత్రమే ఉన్నచో ట్రాన్స్‌ఫార్మరు వాడవలెను, లేనిచో పరికరము కాలిపోవచ్చు.